ఇక్కడి కాలేజీ నుంచి అక్కడి యూనివర్సిటీకి

(విడపనకల్లులో సేవాలాల్ మహరాజ్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

జై సేవాలాల్!

వెనక వరసలో నా హాస్టల్ పిల్లలున్నారు. వాళ్లు మాట్లాడకుండా వింటే చాలు.

సంఘం వాళ్లు నన్ను "విద్య ప్రాముఖ్యత" మీద మాట్లాడమన్నారు. ఆ మాట నేను చిన్నప్పటి నుంచి ప్రతి సభలోనూ వింటూనే ఉన్నాను. చదువు ముఖ్యమని ఇక్కడ తెలియనివాళ్లు ఎవరూ లేరు. వేరుశనగ ఎండిపోయి బెంగళూరుకు మట్టిపనికి పోయిన మా నాయనకు నాకంటే బాగా తెలుసు. అందుకే నేను ఇంకో సంగతి చెప్తాను. మీలో కొందరు దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో చదువుతున్నారు, కొందరు పాలిటెక్నిక్‌లో ఉన్నారు. అక్కడి నుంచి పెద్ద యూనివర్సిటీకి ఎట్లా పోవాలి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, మనవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారు, ఈ మూడే చెప్తాను.

ముందు నా కథ. 2002లో నేను డిగ్రీ పూర్తి చేశాను. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ ఎంఏ ప్రవేశ పరీక్ష రాశాను. లిస్టులో నా పేరు వచ్చింది. తండాలో ఎవరికీ చెప్పకముందే మా యాడి కాళ్లకు మొక్కాను. టీసీ కోసం నేను చదివిన కాలేజీకి పోతే, "నీ స్కాలర్‌షిప్ ఇంకా రిలీజ్ కాలేదు, 3,200 కట్టి టీసీ తీసుకో" అన్నారు. నాయన బెంగళూరులో ఉన్నాడు. కబురు పోయి, ఆయన మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, బస్సెక్కి వచ్చేసరికి పన్నెండు రోజులైంది. హైదరాబాద్‌లో చేరాల్సిన తేదీ దాటి మూడు రోజులు. ఆ మరుసటి ఏడాది బీఈడీ చేశాను, తర్వాత ఈ ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం మంచిదే. కానీ ఆ మూడు రోజులు నేను మర్చిపోయానని చెబితే అబద్ధం.

ఇప్పుడు మీకు తెలియాల్సిన మాట ఒకటుంది. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా ఉత్తర్వు ఇచ్చింది. చేరేటప్పుడు చూసి, సరిపోల్చుకుని, తిరిగి ఇచ్చేయాలి. ఈ మాట తెలిసి అడగడం వేరు, తెలియక బతిమాలడం వేరు. అడగడానికి భయమైతే నన్ను పిలవండి, నేను వస్తాను.

సరే, దారుల సంగతికి వద్దాం.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. ఇంటి దగ్గర ఉంటాయి, ఫీజు తక్కువ. అక్కడ రెండేళ్లు చదివి, మంచి మార్కులు తెచ్చుకుంటే, పెద్ద యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడాదిలో చేరవచ్చు. కాలిఫోర్నియా రాష్ట్రం 1960లోనే దీన్ని ఒక ప్రణాళికగా రాసిపెట్టుకుంది. మన దగ్గర డిగ్రీ మధ్యలో అట్లా మారే దారి ఇంకా సరిగా తెరుచుకోలేదు. 2020 జాతీయ విద్యా విధానం ఆ మాట చెప్పింది, 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మొదలుపెట్టారు. మీ కాలేజీలో ఆ ఖాతా తెరవమంటే తెరవండి, మంచిదే. కానీ ఆ ఖాతా ఉంది కదా అని ఏ యూనివర్సిటీ పిలిచి సీటు ఇవ్వదు. మనకు దారి మధ్యలో కాకుండా మెట్టు మెట్టుకూ ఉంది. ఒక చదువు అయిపోయిన చోట ఇంకో తలుపు ఉంటుంది. ఆ తలుపులు మూడు చెప్తాను.

మొదటిది పాలిటెక్నిక్ పిల్లలకు. పది అయ్యాక మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. అంటే డిప్లొమాలో మీరు పెట్టిన కాలం వృథా కాదు. పరీక్ష 200 మార్కులకు. లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మీ బ్రాంచి సబ్జెక్టు 100. ఎస్టీ పిల్లలకు ర్యాంకు ఇవ్వడానికి కనీస మార్కుల షరతు లేదు. ఇది విని "అయితే ఊరికే రాస్తే చాలు" అనుకునేవాళ్లున్నారు. ర్యాంకు రావడం వేరు, అనంతపురం జేఎన్‌టీయూ లాంటి చోట మీకు కావలసిన బ్రాంచి రావడం వేరు. బ్రాంచి సబ్జెక్టు మీరు మూడేళ్లూ చదివిందే. లెక్కలు మాత్రం ముందే వదిలేసి ఉంటారు. సీటు పోయేది అక్కడే. బీఎస్సీలో లెక్కలు చదివినవాళ్లు కూడా ఈసెట్ రాయవచ్చు. ఈ మాట చాలామందికి తెలియదు.

రెండోది డిగ్రీ పిల్లలకు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల తలుపు. సీయూఈటీ అనే పరీక్ష 2022 నుంచి జరుగుతోంది. ఇంటర్ తర్వాత ఒకటి, డిగ్రీ తర్వాత ఒకటి. డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతూనే రాయవచ్చు. 1974లో పెట్టిన హైదరాబాద్ యూనివర్సిటీకీ ఇదే తలుపు. మన అనంతపురంలోనే 2018 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లు. ప్రతి ఏటా వాటిలో కొన్ని మిగిలిపోయాయని వింటే నాకు కడుపు మండుతుంది. మనవాళ్లకు చేతగాక కాదు, దరఖాస్తు చేయక.

మూడోది బీఎస్సీ పిల్లలకు. దీని పేరు జామ్. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, స్టాటిస్టిక్స్, బయోటెక్నాలజీ, జియాలజీ, ఎకనామిక్స్, ఈ ఏడింటిలో పరీక్ష ఉంటుంది. ఇది పాసైతే ఐఐటీలో ఎమ్మెస్సీ. ఇంటర్‌లో లక్షలు పోసి కోచింగ్ తీసుకున్నవాళ్లకే ఐఐటీ అని మనం అనుకుంటాం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చదివిన అమ్మాయి తిరుపతి ఐఐటీ గేటు లోపలికి పోయే దారి ఇది. పరీక్ష ఫిబ్రవరిలో జరిగితే దరఖాస్తు సెప్టెంబరు, అక్టోబరులోనే పెట్టాలి. అంటే ఆఖరి ఏడాది మొదలైన కొద్ది నెలలకే. మార్చిలో గుర్తొస్తే ఏడాది పోయినట్లే.

ఇక డబ్బు. ఇక్కడ జాగ్రత్తగా వినండి.

ఒకటి, రాష్ట్రం నుంచి వచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్. సీటు కన్వీనర్ కోటాలో వస్తేనే ఇది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకు లేదు, స్పాట్ అడ్మిషన్‌కు లేదు. "ఎట్లయినా ఫీజు వస్తుందిలే" అని ఎవరో ఏజెంటు చెబితే నమ్మి చేరినవాళ్లు నాకు తెలుసు. ఏడాది తర్వాత అప్పు నోటు మీద సంతకం పెట్టారు. అట్లాగే ఒక పీజీ చేసినవాళ్లు ఇంకో పీజీ చేస్తే రెండోదానికి స్కాలర్‌షిప్ రాదు. హాజరు 75 శాతం లేకపోతే రాదు.

రెండు, కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్. ఐఐటీ, ఎన్‌ఐటీ లాంటి ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వచ్చిన ఎస్టీ పిల్లలకు ఏటా వెయ్యి మందికి కొత్తగా ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపు ఉండాలి. ట్యూషన్ ఫీజు, నెలకు 2,200 ఖర్చులకు, పుస్తకాలకు, ఒకసారి కంప్యూటర్‌కు 45,000 వరకు. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. ఐఐటీల్లో అయితే బీటెక్ చదివే ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు 2016 నుంచి పూర్తిగా మాఫీ.

మూడు, పీహెచ్‌డీ దాకా పోయేవాళ్లకు ఏటా 750 మంది ఎస్టీలకు కేంద్రం ఫెలోషిప్ ఇస్తుంది. విదేశాల్లో చదవడానికి ఏటా 20 మందికి జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ లాంటి ప్రైవేటు చోట కూడా ఇంటి ఆదాయం చూసి ఫీజు, హాస్టల్ ఖర్చు తగ్గిస్తారు, పూర్తిగా తీసేయడం కూడా ఉంది. ఈ లెక్కలన్నీ ఏటా కొద్దిగా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ మీ కళ్లతో మీరు చదవండి. వాట్సాప్‌లో వచ్చింది చదివి ఊరుకోవద్దు.

ఇన్ని ఉన్నాయి కదా, మరి ఎందుకు ఆగిపోతున్నారు? ఎందుకంటే స్కాలర్‌షిప్ తర్వాత వస్తుంది, ఫీజు ముందు కట్టాలి. ఇంతే తేడా. ఈ తేడాలోనే మన పిల్లలు పడిపోతున్నారు.

2024లో రెండు సంఘటనలు జరిగాయి. ఉత్తరప్రదేశ్‌లో ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దళిత కూలీ కొడుకుకు ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. సీటు నిలుపుకోవడానికి 17,500 రూపాయలు నాలుగు రోజుల్లో ఆన్‌లైన్‌లో కట్టాలి. ఊళ్లో అందరి దగ్గరా పోగుచేసేసరికి సాయంత్రం ఐదు దాటే వేళ అయింది, కట్టలేకపోయాడు. సీటు పోయింది. ఆ పిల్లవాడు సుప్రీంకోర్టు దాకా పోయాడు. అంత ప్రతిభ ఉన్న పిల్లవాణ్ని వదిలేయలేమని కోర్టు సెప్టెంబరు 30న చెప్పి, తనకున్న ప్రత్యేక అధికారం వాడి సీటు ఇప్పించింది.

రెండోది మన పిల్లే. తెలంగాణలో రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒక తండా అమ్మాయి. గిరిజన సంక్షేమ కాలేజీలో ఇంటర్ చదివి, పాట్నా ఐఐటీలో సీటు తెచ్చుకుంది. దాదాపు రెండున్నర లక్షలు కావలసి వచ్చింది. చేతిలో లేక మేకలు కాస్తూ ఉండిపోయింది. పేపర్లో వచ్చాక అక్కడి ప్రభుత్వం సాయం చేసింది.

ఇద్దరికీ సీటు దక్కింది. మంచిదే. కానీ ఒకరికి సుప్రీంకోర్టు కావలసి వచ్చింది, ఒకరికి ముఖ్యమంత్రి కావలసి వచ్చింది. పేపర్లో రానివాళ్ల సంగతేమిటి? అందులో ఒకరి సంగతి నాకు తెలుసు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను.

కొన్నేళ్ల కిందట నా హాస్టల్లో పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి డిగ్రీ అయ్యాక నాకు ఫోన్ చేసింది. "మేడం, ఎమ్మెస్సీ సీటొచ్చింది, కుల సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలంట, మూడు రోజులే టైముంది" అని. ఆ వారం నాకు హాస్టల్ తనిఖీ ఉంది. రిజిస్టర్లు, సరుకుల లెక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. "వచ్చే ఏడాది మళ్లీ రాద్దువులేమ్మా" అన్నాను. వచ్చే ఏడాదికి ఆ అమ్మాయికి బళ్లారి వైపు తండాకు ఇచ్చి పెళ్లి చేశారు. మన సుగాలీలు ఆంధ్రాలో ఎస్టీ, సరిహద్దు దాటితే కర్ణాటకలో లంబాణీలు ఎస్సీ. పెళ్లయినా ఆ అమ్మాయి ఎస్టీ హోదా ఎక్కడికీ పోదు, అది పుట్టుకతో వచ్చింది, ఇక్కడి సర్టిఫికెట్‌తోనే మళ్లీ రాయవచ్చు. ఆ మాట చెప్పడానికి పోయిన ఏడాది వాళ్లింటికి పోయాను. చంకలో పాప ఉంది. "చూద్దాం మేడం" అంది. ఆ గొంతు నాది. నేను ఆ రోజు ఫోన్‌లో అన్న గొంతు.

ఆ ఒక్క ఫోన్ వల్ల నేను ఒక పని నేర్చుకున్నాను. ఇప్పుడు నా హాస్టల్ నుంచి పోయే ప్రతి పిల్ల చేతిలో ఒక ఫైలు పెట్టి పంపుతాను. మీరూ రాసుకోండి. పదో తరగతి మార్కుల జాబితా, ఇంటర్ లేదా డిప్లొమా మార్కుల జాబితాలు, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ. కుల ధ్రువీకరణ పత్రం రెండు రకాలు, రాష్ట్రానిది ఒకటి, కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఒకటి. ఆ ఏడాది ఆదాయ ధ్రువీకరణ. ఆధార్ లింకు అయిన బ్యాంకు పాస్‌బుక్. ఆధార్‌లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో, కుల పత్రంలో పేరు ఒకేలా ఉండాలి. ఒక చోట "బాయి", ఒక చోట "బాయ్", ఒక చోట "నాయక్" లేకుండా ఉంటే పోర్టల్ ఒప్పుకోదు. సీటొచ్చాక సరిచేద్దామంటే కుదరదు. ఇప్పుడే, ఏ తొందరా లేనప్పుడే, సచివాలయానికి పోయి సరిచేయించుకోండి. ప్రతి దానికీ ఫోన్‌లో ఫొటో తీసి మీ మెయిల్‌కు పంపుకోండి.

మన పెద్దలు లదేణి చేసేవాళ్లు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని నెలల తరబడి నడిచేవాళ్లు. సేవాలాల్ మహరాజ్ పుట్టిన గొల్లలదొడ్డి ఎంతో దూరం లేదు, ఇక్కడే గుత్తి దగ్గర. ఆ కాలంలో బిడారు కదిలే ముందు గోణెలు చూసుకునేవాళ్లు, తాళ్లు చూసుకునేవాళ్లు, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో అడిగి తెలుసుకునేవాళ్లు. కదిలాక తాడు తెగిందంటే సరుకంతా దారి పాలే. ఈ ఫైలు మీకు ఆ తాడు.

సీటొచ్చి చేరాక ఇంకో సంగతి ఉంటుంది. అక్కడికి పోయిన పిల్లలు మొదటి రెండు నెలల్లో ఫోన్ చేసి ఏడుస్తారు. "మేడం, క్లాసులో ఇంగ్లిష్ అర్థం కావట్లేదు, అందరూ ముందే చదివి వచ్చారు." మొదటి సెమిస్టర్‌లో ఒకటి రెండు సబ్జెక్టులు పోవచ్చు. ఇక్కడ ఫస్టు వచ్చిన పిల్లకు అది పెద్ద దెబ్బ. తట్టుకోండి. అర్థం కానిది అడగండి, సీనియర్లను పట్టుకోండి. "కోటాలో వచ్చావు" అని ఎవరన్నా అంటే, ఆ మాట ఒంటరిగా మోసుకుని గదిలో కూర్చోవద్దు. వివక్ష మీద ఫిర్యాదు వినడానికి ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఏర్పాటు ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధనలు పెట్టింది. ఎస్సీ ఎస్టీ సెల్ ఎక్కడుందో చేరిన రోజే చూసి పెట్టుకోండి, మెస్ ఎక్కడుందో చూసుకున్నట్టు. ఇంటికి ఫోన్ చేయండి. ఇంట్లో చెప్పుకోలేకపోతే నాకు చేయండి. రాత్రి పన్నెండైనా ఎత్తుతాను.

యాడీలకు, బాపులకు ఒక మాట. అబ్బాయి హైదరాబాద్ పోతానంటే చందా వేసి పంపుతున్నాం. అమ్మాయి పోతానంటే "అంత దూరం ఎందుకు" అంటున్నాం. చెరకు కొట్టడానికి, మట్టిపనికి, ఆడపిల్లలను వెంటబెట్టుకుని మనం ఎంత దూరం పోలేదు? అప్పుడు గుడారంలో పడుకోలేదా? యూనివర్సిటీ హాస్టల్‌కు గోడ ఉంటుంది, గేటు ఉంటుంది, వార్డెన్ ఉంటుంది. వార్డెన్ మాట నమ్మండి, నేను కూడా వార్డెన్‌నే.

ఆఖరుగా సంఘం పెద్దలకు ఒక విన్నపం. ఈ రోజు భోగ్ భండారో బాగా జరిగింది. ఫ్లెక్సీలు బాగున్నాయి. డీజే కూడా వచ్చింది. వద్దనను. కానీ వచ్చే ఏడాది డీజే ఖర్చు పక్కన పెట్టి, ఒక నిధి పెడదాం. పిల్లలకు ఊరికే ఇవ్వడానికి కాదు. సీటు నిలుపుకోవడానికి కట్టాల్సిన మొదటి ఫీజు, టీసీ కోసం కట్టాల్సిన బాకీ, హైదరాబాద్‌కు రైలు టికెట్, ఇంతవరకే. స్కాలర్‌షిప్ వచ్చాక ఆ పిల్ల తిరిగి కడుతుంది, ఆ డబ్బు ఇంకో పిల్లకు పోతుంది. లెక్క ఏటా ఇదే సభలో చదివి వినిపించాలి. ఎవరికి ఇచ్చేదీ ఒక్క రోజులో తేల్చాలి, మీటింగు పెట్టుకుందాం అని వారం ఆపితే ఆ నిధి ఉన్నా లేనట్టే. నా వంతు 10,000 తెచ్చాను. కార్భారి గారి చేతికి ఇక్కడే ఇస్తున్నాను. 2002లో నాకు కావలసింది 3,200.

ఈసెట్ రాయాలనుకుంటున్న పాలిటెక్నిక్ పిల్లలు, డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలు, వచ్చే ఆదివారం పొద్దున పదికి హాస్టల్‌కు రండి. సర్టిఫికెట్లన్నీ తెచ్చుకోండి. పేర్లు సరిపోల్చి, ఎవరికి ఏ కాగితం లేదో రాసుకుని, సోమవారం అందరం కలిసి సచివాలయానికి పోదాం. ఆ రోజు తనిఖీ ఉన్నా సరే, నేను ఉంటాను.

జై సేవాలాల్!